నూరులో ముప్పయ్యే మనది

సోమవారం, రాత్రి 9 గంటలు.

నిన్న మా చర్చిలో వచ్చిన కానుకల సంచి పొద్దున్నే బ్యాంకులో జమైంది. లెక్క కాగితం మీద నోట్లవారీ వివరం, కింద ఇద్దరి సంతకాలు. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, లెక్కపెట్టినవాళ్లు పద్దు రాయకూడదు. ఈ కట్టుబాటు నిన్నమొన్నటిది కాదు. యూదా రాజు యోవాషు కాలంలో మందిరపు పెట్టె నిండితే రాజు లేఖకుడూ ప్రధానయాజకుడూ కలిసి లెక్కచూసి సంచుల్లో కట్టినట్టు బైబిల్లో రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. ప్రధానయాజకుడంతటివాడికే పక్కన ఇంకొకరు ఉండాల్సి వచ్చింది!

సంచిలోంచి చిన్న ఖర్చు కూడా నేరుగా ఇవ్వకూడదు. కరెంటు బిల్లుకి కొంత తీసి మిగతాది జమ చేస్తే పద్దులో రాబడీ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఎవరూ పైసా ముట్టకపోయినా మాట పడాల్సి వస్తుంది.

మధ్యాహ్నమంతా స్టేట్‌మెంటుతో పద్దు సరిచూడటానికే సరిపోయింది. అసలు చిక్కు ఇక్కడే. ఖాతాలో నూరు ఉందనుకుందాం. అందులో 45 నిర్మాణ నిధి, 15 పేదల సహాయానికి వచ్చింది, 10 మిషనరీలకు పంపాల్సింది. సంఘం తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టగలిగింది 30 మాత్రమే. పాస్‌బుక్కు ఈ తేడా చెప్పదు. కమిటీలో ఎవరో ‘డబ్బుందిగా’ అంటారు, కొత్త మైకులు వస్తాయి, జీతాల నెలలో నిర్మాణ నిధిలోంచి ‘తర్వాత సర్దుదాం’ అని తీస్తారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అందుకే నెలనెలా కమిటీ ముందు పెట్టే కాగితంలో ఒక్క మొత్తం కాకుండా నిధికో వరుస ఉండాలి.

రేపు ఒక డిపాజిట్ గడువు తీరుతోంది. అందరూ అడిగేది వడ్డీ ఎంతని. ముందు అడగాల్సింది ఈ డబ్బు ఎప్పుడు కావాలని. మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడేది ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి. ఏడాదిన్నరలో స్లాబు వేయాల్సిన డబ్బు షేర్ల దగ్గరికి పోకూడదు. మార్కెట్ పడితే లేచేదాకా మేస్త్రీ ఆగడు. ఆ స్లాబు డబ్బును నాలుగు భాగాలు చేసి 3, 6, 9, 12 నెలల డిపాజిట్లుగా వేస్తే ప్రతి మూడు నెలలకూ ఒకటి చేతికొస్తుంది, గడువుకు ముందే విరిచి వడ్డీ పోగొట్టుకునే పని ఉండదు.

శాశ్వత నిధి, అంటే ఎప్పటికీ నిలిచి ఉండాల్సిన డబ్బు సంగతి వేరు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో డబ్బు విలువ సగమవుతుంది. వడ్డీ అంతా ఏటా ఖర్చుపెట్టేస్తూ ‘అసలు భద్రం’ అనుకోవడం భ్రమ. ఇలాంటి నిధిలో కొంత దీర్ఘకాలానికి షేర్లలో ఉండొచ్చు. ఖర్చుకు మాత్రం మూడేళ్ల సగటు విలువలో 4 శాతం తీసే పద్ధతి మేలు: 100, 120, 110 ఉంటే సగటు 110, తీసేది 4.4. మార్కెట్ ఎగిరిన ఏడాది ఉత్సాహానికి అదే కళ్లెం.

పెట్టుబడి పెట్టే ఫండ్ పేరు చూసి సరిపెట్టుకోకూడదు, లోపలేముందో చూడాలి. 2013లో ఇంగ్లండ్ చర్చికి ఈ ఎదురుదెబ్బ తగిలింది. అధిక వడ్డీ అప్పులిచ్చే వోంగాతో పోటీపడి దాన్ని వెనక్కి నెడతామని ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ అన్న కొద్దిరోజులకే, చర్చి డబ్బు పరోక్షంగా అందులోనే ఉందని బయటపడింది.

అంతకన్నా ప్రమాదం ‘మనవాళ్లే’ అన్న నమ్మకం. ఆరు నెలల్లో రెట్టింపు అన్న అమెరికా సంస్థ న్యూ ఎరా ఫౌండేషన్ 1995లో కుప్పకూలినప్పుడు అందులో క్రైస్తవ సంస్థల డబ్బు చాలా ఉంది. కమిటీ ముందుకు పెట్టుబడి పథకం తెచ్చిన సభ్యుడికి అందులో కమీషన్ ఉంటే, నిర్ణయం జరిగేటప్పుడు ఆయన గది బయట ఉండాలి. ఆ సంగతి మినిట్స్‌లోకి ఎక్కాలి.

రేపటి డిపాజిట్‌కు ఆటో రెన్యువల్ పెట్టి ఉంది. వదిలేస్తే బ్యాంకు పాత గడువుకే తిరగరాస్తుంది. ఉత్తరం సిద్ధమైంది, రెండో సంతకం బ్యాంకు తెరిచేలోపు పడాలి.