అక్క కణాలే అక్కకి మందు

రొమ్ము క్యాన్సర్‌కి చికిత్సగా ఇచ్చే వ్యాక్సిన్ ట్రయల్‌లో అక్కకి ఈరోజు మొదటి అడుగు. ఒక చేతి సూదిలోంచి రక్తం మెషీన్‌లోకి, ఇంకో చేతి సూదిలోంచి తిరిగి ఒంట్లోకి. గంటల తరబడి అదే పని. పైన వేలాడే సంచిలో తెల్ల రక్తకణాలు మాత్రం లేత గులాబీ రంగులో చేరుతున్నాయి. వాటి నుంచి ల్యాబ్‌లో డెండ్రిటిక్ కణాలు (శత్రువుని పట్టి మిగతా రక్షణ కణాలకి చూపించేవి) తయారుచేసి, కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే హెర్-2 ప్రొటీన్ ముక్కలతో కలిపి, మళ్లీ తనకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. అవి వెళ్లి క్యాన్సర్ కణాల మీద దాడి చేయగల టి-కణాలకి శత్రువు ఆనవాలు చూపించాలి. ఇదీ ఆశ.

ఇలాంటి చికిత్సకే ప్రోస్టేట్ క్యాన్సర్‌కి 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కి ఇంకా పరిశోధనల దశే. జబ్బు రాకుండా ముందే వేసే టీకా అయితే ఇంకా దూరం. "వ్యాక్సిన్ వచ్చేసిందట కదా, ఇక కీమో ఎందుకు?" అని ఫోన్ చేసేవాళ్లకి ఓపిగ్గా ఎన్నిసార్లు చెప్పను!

అక్కకి మాత్రం టెన్షన్ లేదు. రెండు చేతులూ కదపకూడదు కాబట్టి ముక్కు దురద పెట్టినప్పుడల్లా నన్ను పిలవడమే.