సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పీహెచ్‌డీ సీటు: నా అనుభవం

ఎంటెక్ తర్వాత పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నానంటే అందరూ సంతోషించారు గానీ, సిగ్నల్ ప్రాసెసింగ్ (మాట, బొమ్మ, స్కాన్ లాంటి సిగ్నళ్ల నుంచి లెక్కలతో సమాచారం రాబట్టే రంగం) అనగానే "అందులో ఇంకా ఏం మిగిలిందిరా, డీప్ లెర్నింగ్ తీసుకో" అన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మాటను గుర్తుపట్టడం, ఫొటోలో నాయిస్ తీసేయడం లాంటి పనులు ఇప్పుడు చాలావరకు న్యూరల్ నెట్‌వర్కుల చేతికి వెళ్లిపోయాయి.

గేట్ స్కోరు షార్ట్‌లిస్ట్ వరకే. ఇంటర్వ్యూలో ముందు లీనియర్ ఆల్జీబ్రా, తర్వాత ప్రాబబిలిటీ, ఆ తర్వాతే సిగ్నల్స్ అడిగారు. సర్క్యులెంట్ మాట్రిక్స్‌కి (ప్రతి వరసా పై వరసను ఒక్క స్థానం చుట్టూ జరిపితే వచ్చేది) ఐగెన్ వెక్టర్లు ఏంటని మొదలుపెట్టి, అవి డీఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే డిస్క్రీట్ ఫూరియే ట్రాన్స్‌ఫామ్) వెక్టర్లేనని నాచేత బోర్డు మీద తేల్పించి, ఫ్రీక్వెన్సీ వైపు వెళ్తే కన్వల్యూషన్ (సిగ్నల్‌ను ఫిల్టర్ గుండా పంపే లెక్క) మామూలు గుణకారం ఎందుకవుతుందో దాన్నుంచే చెప్పమన్నారు. ఫార్ములాలు బట్టీ పడితే ఇక్కడే ఆగిపోతాం.

తర్వాత ఒక సార్, నైక్విస్ట్ రేటు (సిగ్నల్‌లోని గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు) కన్నా తక్కువ శాంపిళ్లతో సిగ్నల్‌ను తిరిగి రాబట్టొచ్చా అన్నారు. స్పార్స్ సిగ్నల్ (చాలా విలువలు సున్నాలే అయినది) అయితే రాబట్టొచ్చని చెప్పి, 2006లో ఒకవైపు డోనోహో, మరోవైపు కాండెస్, రోంబెర్గ్, టావో వేసిన పేపర్ల నుంచి ఎంఆర్ఐ దాకా వెళ్లాను. ఎంఆర్ఐ మెషిన్ బొమ్మను నేరుగా తియ్యదు, దాని ఫూరియే ట్రాన్స్‌ఫామ్‌ను వరసలు వరసలుగా కొలుస్తుంది. తక్కువ శాంపిళ్లు చాలితే ఆ వరసలు తగ్గుతాయి, దాంతో టైమ్ తగ్గుతుంది, కదలకుండా పడుకోలేని పిల్లలకు అదెంత ఊరటో చెప్పక్కర్లేదు.

"అదీ నెట్‌వర్కే బాగా చేస్తోంది కదా, మరి నువ్వెందుకు?" అన్నారు వెంటనే. ఈ ప్రశ్న వస్తుందనే టెన్షన్‌తోనే వెళ్లాను. నెట్‌వర్క్ చూడ్డానికి చక్కటి బొమ్మే ఇస్తుంది, కానీ మోకాలి స్కాన్‌లో లేని చీలికను చూపించొచ్చు, ఉన్న చిన్న చీలికను చెరిపెయ్యొచ్చు, అందుకే మెషిన్ నిజంగా కొలిచిన శాంపిళ్లతో ఆ బొమ్మ సరిపోతోందా అని ప్రతి దశలో సరిచూసే పద్ధతి కావాలి అన్నాను. దానికి దారి చూపిన పనీ ఉంది: 2010లో గ్రెగర్, లెకున్ అనే పరిశోధకులు, స్పార్స్ సిగ్నల్‌ను అంచెలంచెలుగా వెతికే ఇస్టా అనే అల్గారిథమ్‌లోని ఒక్కో ఇటరేషన్‌ను ఒక్కో లేయర్‌గా పరిచి చూపించారు. కొలత ఎలా జరిగిందో మనకు తెలుసు, దాన్ని మనమే రాయాలి. తెలియని భాగాన్నే డేటా నుంచి నేర్పించాలి. ఈ రంగం భవిష్యత్తు ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సీటు వచ్చింది. టాపిక్ తేల్చుకోవడం అంతకన్నా కష్టమైంది. సొంత స్కానర్ లేకపోయినా, న్యూయార్క్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ కలిసి చేసిన ఫాస్ట్ఎంఆర్ఐ అనే ప్రాజెక్టులో ముడి డేటా పరిశోధకులకు దొరుకుతుంది కాబట్టి పని మొదలైంది. ఈ రంగంలోని పెద్ద సదస్సు ఐకాస్ప్ 2025లో మన హైదరాబాద్‌లోనే జరిగింది, ఆ పేపర్లు తిరగేస్తే ఇప్పుడేం నడుస్తోందో తెలుస్తుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు లీస్ట్ స్క్వేర్స్, ఎస్‌వీడీ, కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ గట్టిగా చూసుకోండి. మీ ఎంటెక్ ప్రాజెక్టులో ఏమేం నిజమనుకుని మొదలుపెట్టారో, అవి తప్పైతే ఏమవుతుందో కూడా ఆలోచించి వెళ్లండి, నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది దాని మీదే.