గేటు గొళ్ళెం చప్పుడు

ఇనప గేటు గొళ్ళెం పడ్డ చప్పుడు వింటే మాలో చాలామందికి కడుపులో ముడి పడేది. చిన్నప్పుడు, తాగొచ్చిన నాన్న అడుగుల కంటే ముందు వినబడేది అదే. నలభై ఏళ్ళొచ్చి, సొంత ఇంట్లో ఉంటూ, పొద్దున్నే పాలబ్బాయి గేటు తీసినా అదే ముడి. చిన్ననాటి హింస ఒంట్లో మిగిల్చిన ఈ భయాన్ని ట్రామా అంటారని, అదీ ఒక జబ్బేనని మాకు చాలాకాలం తెలియదు.

మేం ముందు వెళ్ళింది కడుపు డాక్టరు దగ్గరికే. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, గ్యాస్ బిళ్ళలు రాశారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. నిద్రలో పళ్ళు బిగబట్టడం వల్ల పొద్దున లేచేసరికి దవడలు నొప్పి. పక్కింట్లో ఎవరైనా గొంతు పెంచితే చేతులు చల్లబడిపోయేవి. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. ఎవరికైనా చెప్పుకోబోతే వచ్చే జవాబు ఒకటే: 'అందరిళ్ళల్లో ఉండేదేగా!'

అందరిళ్ళల్లో ఉన్న మాట నిజమే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే, ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. సగానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు చెప్పారు. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇంతమందికి ఉన్నది మామూలు సంగతెలా అవుతుంది? ఊరూరా ఉన్న జ్వరాన్ని మామూలే అని వదిలేస్తామా?

పసితనంలో రోజూ భయపడిన ఒళ్ళు కాపలా కాయడం నేర్చుకుంటుంది. ప్రమాదం పోయినా ఆ కాపలా దిగదు. చప్పుడు వినగానే, ఏమిటో ఆలోచించేలోపే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పేగుల పని తారుమారవుతుంది. 'మర్చిపో, ధైర్యంగా ఉండు' అంటే తగ్గకపోవడానికి కారణం ఇదే. ముందు కుదుటపడాల్సింది ఒళ్ళు.

మందులు అందరికీ అక్కర్లేదు. నిద్ర, తిండి, పని మూడూ దెబ్బతిన్నవాళ్ళకు సైకియాట్రిస్టు ఎక్కువగా రాసే వాటిలో భయం, దిగులు తగ్గించే సెర్ట్రాలిన్ ఒకటి. సాధారణంగా రోజుకు 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మొదటి వారం వికారం, తలనొప్పి, ఒక్కోసారి కంగారు ఇంకాస్త పెరగడం ఉంటాయి. గుణం తెలిసేది నాలుగు నుంచి ఆరు వారాలకు. పదో రోజునే 'ఈ మందు పడలేదు' అని మానేసేవాళ్ళు ఎక్కువ. బాగైపోయిందని ఒక్కసారిగా ఆపేసినా ఇబ్బందే: తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జర్కులొస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నిద్ర కోసం ఆల్ప్రజోలం అనే మత్తు బిళ్ళ అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు. అది అలవాటైపోతుంది, అసలు భయం అలాగే ఉంటుంది.

మమ్మల్ని ఎక్కువగా నిలబెట్టింది ఆ గొళ్ళెంతోనే చేసిన సాధన. కౌన్సెలర్ పక్కనుండగా దానికి మెట్లు వేసుకున్నాం. సున్నా అంటే భయం లేదు, పది అంటే తట్టుకోలేం. గొళ్ళెం చప్పుడు ఫోన్లో రికార్డు చేసి సన్నగా వినడం: మూడు. పగలు గేటు దగ్గర నిలబడి మన చేత్తో మనమే పదిసార్లు వెయ్యడం: నాలుగు. మనం లోపల కూర్చుంటే ఇంకొకరు చెప్పి వెయ్యడం: ఆరు. సాయంత్రం చీకటి పడ్డాక, చెప్పకుండా వెయ్యడం: తొమ్మిది. మూడుతో మొదలుపెట్టి, భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి. భయం బాగా ఎక్కినప్పుడు లేచి వెళ్ళిపోతే, పారిపోబట్టే బతికానని ఒళ్ళు నేర్చుకుంటుంది. మరుసటి రోజు అదే మెట్టు ఇంకా ఎత్తుగా కనబడుతుంది.

ఊపిరి సాధనలోనూ పొరపాట్లున్నాయి. గట్టిగా, గబగబా పీలిస్తే కళ్ళు తిరుగుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మామూలుగా నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలాలి, ఐదు నిమిషాలు. కళ్ళు మూసుకోమని ఎవరినీ బలవంతపెట్టొద్దు. చీకట్లో దెబ్బలు తిన్నవాళ్ళకు కళ్ళు మూయడమే భయం. అలాంటివాళ్ళ చేతికి చల్లటి నీళ్ళ స్టీలు గ్లాసు ఇవ్వండి. దాని చల్లదనం, అంచు, బరువు గమనిస్తూ, చెప్పుల్లేని పాదాలు గచ్చుకి ఆనించి కూర్చుంటే చాలు.

ఊళ్ళో పదిమందీ కలిసి కూర్చోవడం దగ్గర తప్పులు ఎక్కువగా జరుగుతాయి. 'మనసు విప్పి చెప్పండమ్మా' అని వరసగా అందరిచేతా చెప్పిస్తారు. ఒకరి కథ విని నలుగురు ఆ రాత్రి నిద్రపోరు, వచ్చే వారం రారు. ఈమధ్యే దెబ్బ తిన్నవాళ్ళచేత జరిగిందంతా ఒక్క సిట్టింగులో చెప్పించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. మా పద్ధతి వేరు. ఎనిమిది నుంచి పదిమంది, గంటా పావు. తలుపు తెరిచే ఉంటుంది, అందరికీ కనబడేలా కూర్చుంటాం. 'ఏం జరిగింది?' అని అడగం. 'ఇవాళ ఒంట్లో ఎలా ఉంది, నిద్ర ఎలా పట్టింది?' అంటాం. సలహాలివ్వం. చివరి పది నిమిషాలు టీ, కూరగాయల ధరలు, పిల్లల చదువులు. ఇది కాలక్షేపం కాదు, తేరుకుని ఇంటికి వెళ్ళడానికే. ఇక్కడి మాట కిరాణా కొట్టు దాకా వెళ్తే గుంపు అక్కడితో ఆగిపోతుంది. అందుకే దగ్గరి బంధువుల్ని ఒకే గుంపులో కూర్చోబెట్టం. చచ్చిపోవాలనే మాట ఎవరి నోట వచ్చినా వాళ్ళను ఒంటరిగా పంపం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి అక్కడినుంచే ఫోన్ చేస్తాం.

పిల్లల సంగతికొస్తే, హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. ఎన్నో కష్టాల మధ్య పెరిగినవాళ్ళలో సుమారు మూడో వంతు బాగా నిలదొక్కుకున్నారు. వాళ్ళకు కనీసం ఒక నిలకడైన పెద్దదిక్కు ఉంది. అమ్మమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు, టీచరు కావచ్చు.

ఆ పెద్దదిక్కు మీరే అయితే, ఒక పిల్ల వచ్చి చెప్పుకుంటే, 'నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, తప్పు నీది కాదు' అనండి. 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి. లైంగిక వేధింపైతే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. గుచ్చి గుచ్చి అడగొద్దు, ఆ పిల్ల అన్న మాటల్ని అన్నట్టే రాసుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. ఆ రాత్రి ఆ పిల్ల ఎవరి పక్కన పడుకుంటుందో తేల్చుకున్నాకే ఇంటికి వెళ్ళండి.