బిల్లు మొత్తం 241 యూనిట్లు, కంప్యూటర్ ఒక్కటే 324 అన్నారు

డీటీపీ పని, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని, షాపు నుంచి ఇంటికి తెచ్చుకున్న మొదటి నెలలోనే కరెంటు బిల్లు 188 యూనిట్ల నుంచి 241కి ఎక్కింది. రెండు బిల్లులూ 30 రోజులవే. పెరిగింది 53 యూనిట్లు. ఎనర్జీ ఛార్జీ మాత్రం 762 రూపాయల 40 పైసల నుంచి 1,335 రూపాయల 70 పైసలకు పోయింది. అంటే పెరిగిన ఒక్కో యూనిట్‌కు దాదాపు 11 రూపాయలు పడింది. ఇది ఎక్కడి రేటని అడిగే ముందు స్లాబు చూడాలి.

మా తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటిందంటే ఆ లెక్క మొత్తం చెరిగిపోతుంది. మొదటి యూనిట్ నుంచే 5.10, 200 పైన 300 దాకా ఉన్నవాటికి 7.70. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు, 201 వాడితే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, డ్యూటీ వీటికి వేరు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకు దెబ్బ ఇంకా గట్టిది. 200 దాటిన నెల బిల్లంతా కట్టుకోవాల్సిందే. అందుకే 180, 190 దగ్గర తిరుగుతున్న ఇంట్లోకి కొత్త కంప్యూటర్ వస్తే, అది తినే కరెంటు కంటే అది దాటించే గీత ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

మీటర్ మీద అనుమానంతో, సరిచూడటానికి పక్కన రెండో మీటర్ (చెక్ మీటర్) పెట్టమని అడగడానికి కరెంటోళ్ల సెక్షన్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్ దగ్గర ఆయన బిల్లు చూసి, "కొత్తగా ఏం పెట్టారు?" అన్నారు. కంప్యూటర్ అని చెప్పాను. "ఎన్ని వాట్లు?" అన్నారు. కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద 450 అని ఉంటుందని చెప్పాను. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి, వెనక ఉన్న వాళ్లందరికీ వినిపించేలా గుణించారు. "నాలుగొందల యాభై ఇంటూ ఇరవై నాలుగు ఇంటూ ముప్పై. మూడు వందల ఇరవై నాలుగు యూనిట్లు. ఏసీ పెట్టుకున్నట్టే. వాడేదంతా వాడి మీటర్ మీద పడతారేంటండీ?"

"సార్, మా ఇంటి బిల్లు మొత్తమే 241 కదా" అన్నాను. ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, లైట్లు, మిక్సీ, మోటార్ అన్నీ కలిపిన లెక్క అది. అందులో 324 ఎలా పడుతుంది? ఆయన జవాబు చెప్పలేదు. నా కాగితం తిరిగి నా వైపు నెట్టి, వెనకాయన బిల్లు అందుకున్నారు. లైన్‌లో ఇద్దరు నవ్వారు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ మీదే బతుకుతున్నవాణ్ణి. ఆ గుణకారం తప్పని అక్కడ నిలబడి నిరూపించలేకపోయాను, ఎందుకంటే నా దగ్గర కొలిచిన అంకె లేదు.

ఆయన తప్పు చాలామంది చేసేదే. ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే 450 అది ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి. లీటర్ చెంబు ఉన్నంత మాత్రాన లీటర్ నీళ్లు తాగినట్టు కాదు. లోపల ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు ఎంత అడిగితే అంతే గోడ నుంచి లాగుతుంది, దానికి తోడు మార్పిడిలో పోయే నష్టం. గ్రాఫిక్స్ కార్డు పెట్టి పెద్ద గేములు ఆడే సెట్ 250 నుంచి 350 వాట్ల దాకా లాగుతుంది. టైపింగ్, పేజ్ లేఅవుట్, బ్రౌజింగ్ పనికి మామూలు డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి 60 నుంచి 100 మధ్యే ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే 15 నుంచి 25.

ఇంటికొచ్చి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అసలు గందరగోళం ఇక్కడ మొదలైంది. రెండు రోజులు నా బుర్ర తిన్నది ఈ ఘట్టమే.

అతను వైరు తెంచకుండానే ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటర్ తెచ్చి కంప్యూటర్ వైరు చుట్టూ బిగించాడు. సున్నా చూపించింది. వైరులో ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసి ఉంటే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజ్ ఒక్కదాన్నే పట్టాలి. స్విచ్ బోర్డు విప్పి ఫేజ్ వైరు పట్టాడు. 0.55 ఆంపియర్లు. ఓల్టేజీ 232. "గుణిస్తే 128 వాట్లు అన్నా" అన్నాడు. రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 26 రోజుల పని. అంటే 30 యూనిట్లు. ఆఫీసు లెక్క కంటే నయమే అనిపించింది.

మర్నాడు ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ తెప్పించాను. ఆన్‌లైన్‌లో వెయ్యి చిల్లరకే దొరుకుతుంది. గోడ ప్లగ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టేస్తే వాట్లు, ఆంపియర్లు, ఓల్ట్‌లు, పవర్ ఫ్యాక్టర్, కూడుతూ పోయే యూనిట్లు అన్నీ చూపిస్తుంది. అదే కంప్యూటర్, అదే ఫైలు తెరిచి పెట్టాను. ఆంపియర్లు 0.55 అనే చూపించింది, వాట్లు మాత్రం 78. క్లాంప్ చెప్పింది 128. ఏది నమ్మాలి? చవక మీటర్ కొని మోసపోయానేమో అనుకుని తిప్పి పంపడానికి డబ్బా కూడా సర్దాను.

డబ్బా మూసే ముందు తెర మీద పీఎఫ్, అంటే పవర్ ఫ్యాక్టర్, అన్న చోట 0.61 కనిపించింది. 232 ఇంటూ 0.55 ఇంటూ 0.61. 78. రెండు మీటర్లూ నిజమే చెబుతున్నాయి, కాకపోతే వేర్వేరు సంగతులు.

పాతకాలపు ఫిలమెంట్ బల్బు, ఇస్త్రీ పెట్టె లాంటివి ఓల్టేజీ అల ఎలా లేస్తే అలాగే కరెంటు లాగుతాయి. వాటికి ఓల్ట్‌లను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వచ్చేస్తాయి. చవక ఎస్‌ఎంపీఎస్ అలా కాదు. అల శిఖరానికి వచ్చిన ఆ కాస్త సేపట్లోనే ఒక్కసారిగా గుక్కెడు లాగి, మిగతా సేపు ఊరుకుంటుంది. దాంతో ఆంపియర్లు పెద్దవిగా కనిపిస్తాయి, నిజంగా ఖర్చయ్యే శక్తి మాత్రం తక్కువ. ఓల్ట్ ఇంటూ ఆంపియర్ వీఏ (ఓల్ట్ ఆంపియర్) అవుతుంది. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే వాట్లు. ఈ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లో ఈ ఫ్యాక్టర్ 0.95 దాటుతుంది, లేనివాటిలో 0.6 చుట్టూ ఉంటుంది. ఇళ్లకు బిల్లు వేసేది కిలోవాట్ అవర్ల మీద, అంటే యూనిట్ల మీద. కాబట్టి మనం డబ్బు కట్టేది 78కే, 128కి కాదు. వీఏ అంకె పనికొచ్చేది యూపీఎస్ కొనేటప్పుడు. క్లాంప్ మీటర్‌తో కంప్యూటర్, ఎల్‌ఈడీ బల్బులు, టీవీ కొలిచి వాట్లు చెప్పే ఎవరి మాటా బిల్లు లెక్కకు తీసుకోకండి.

వాట్ మీటర్ కూడా తప్పు చెబుతుందేమోనని ఇంటి మీటర్‌తోనే సరిచూశాను. పైసా ఖర్చు లేని పని ఇది. ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది, పక్కనే 3200 ఇంపల్స్ పర్ కిలోవాట్ అవర్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే 3200 సార్లు మిణికితే ఒక యూనిట్. కంప్యూటర్ ఉన్న లైన్ తప్ప మిగతా ఎంసీబీ స్విచ్‌లన్నీ దించాలి. ఇన్వర్టర్ ఉంటే దాని ప్లగ్ కూడా తీయాలి, లేకపోతే దాని ఛార్జింగ్ లెక్కలో కలుస్తుంది. కంప్యూటర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉంటే ముందు మామూలు ప్లగ్‌లోకి మార్చాలి. యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడకే పెట్టాలి. ఫ్రిజ్ ఆపడం మరిచిపోతే మధ్యలో కంప్రెసర్ లేచి అంతా పాడు చేస్తుంది. నాకు మొదటిసారి అలాగే అయింది. తర్వాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒక మిణుకు దగ్గర మొదలెట్టి పది లెక్కపెట్టాలి. 1125ను మిణుకుల సంఖ్యతో గుణించి సెకన్లతో భాగిస్తే వాట్లు. పది మిణుకులకు 144 సెకన్లు పట్టింది. 11,250ని 144తో భాగిస్తే 78. మీటర్ మీద 1600 అని ఉంటే 1125 బదులు 2250 వేసుకోవాలి, 6400 ఉంటే 562.5.

దీంతో నా మీటర్ నిక్కచ్చిగా ఉందని తేలింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు. ఇబ్బంది ఏమిటంటే, ఫిర్యాదు తీసుకుని నంబర్ ఇవ్వాల్సిన మనిషి గుణకారం చేసి పంపించేయడం. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు 2020లో వచ్చాయి, 2024 ఫిబ్రవరిలో సవరించారు. వాడకానికీ రీడింగుకూ పొంతన లేదని వినియోగదారు ఫిర్యాదు చేస్తే, అయిదు రోజుల్లో అదనపు మీటర్ పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాలని ఆ సవరణ చెబుతోంది. నోటితో అడగకండి. కాగితం మీద రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. లేదా కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ వాట్లు మాత్రం కౌంటర్ దగ్గర చెప్పకండి.

మరి 53 యూనిట్లు ఎక్కడివి? వాట్ మీటర్‌ను ఒక పనిరోజంతా ఉంచితే తొమ్మిది గంటలకు 0.70 యూనిట్ చూపించింది. సీపీయూ బాక్సుకు 56 వాట్లు, మానిటర్‌కు 22. 26 రోజులకు 18 యూనిట్లు. అంతే.

ఆ తర్వాత కంప్యూటర్ ఆపేసి, దాని చుట్టూ ఉన్నవాటిని కొలిచాను. రూటర్ 8 వాట్లు. 600 వీఏ యూపీఎస్ ఏ పనీ లేకుండా తన కోసమే 8 వాట్లు, కరెంటు పోయి వచ్చాక కొన్ని గంటలు 25 పైనే. వాల్యూమ్ తగ్గించి వదిలేసిన స్పీకర్లు 4. షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆపని బాక్సు, మానిటర్ కలిపి ఒకటిన్నర. మొత్తం 21 పైచిలుకు. చిన్న అంకె. కానీ ఇవి 24 గంటలూ, 30 రోజులూ నడుస్తాయి. నెలకు 15 యూనిట్లు. నేను కుర్చీలో కూర్చుని చేసే పనికి 18, ఎవరూ లేని గదికి 15.

మిగిలింది నెత్తి మీదే తిరుగుతోంది. ఆ గదిలో పాత సీలింగ్ ఫ్యాన్ 74 వాట్లు. కంప్యూటర్‌కు దాదాపు సమానం. ఇంట్లో పని పెట్టుకోకముందు ఆ గదిలో పగలు ఫ్యాన్ లేదు. దానిది 17 యూనిట్లు. మూడూ కలిపితే 50 దాటింది. మిగతా రెండు మూడు యూనిట్లు ఎండ పెరగడం వల్ల ఫ్రిజ్ తిని ఉంటుంది.

దిద్దుబాటు త్వరగానే అయిపోయింది. మానిటర్ బ్రైట్‌నెస్ 100 నుంచి 40కి దించితే 22 వాట్లు 14 అయ్యాయి, కళ్లకూ హాయి. పది నిమిషాలు ముట్టుకోకపోతే స్లీప్‌లోకి వెళ్లేలా పెట్టాను, అందులో 3 వాట్లే. స్క్రీన్ సేవర్ వల్ల పైసా మిగలదు, మానిటర్ వెలుగుతూనే ఉంటుంది. మాటిమాటికీ ఆపి వేస్తే కరెంటు ఎక్కువ తాగుతుందన్నది నిజం కాదు. బూట్ అయ్యే 40 సెకన్లు 110 వాట్లు లాగినా, అది మామూలుగా ఒక నిమిషం వాడినంతే. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరవగలిగే బయోస్ అన్న సెట్టింగుల పేజీలో ఈఆర్‌పీ అన్నది ఉంటే ఆన్ చేయండి, ఆపిన కంప్యూటర్ అర వాట్‌కు దిగుతుంది. యూపీఎస్, స్పీకర్లు ఒకే పవర్ స్ట్రిప్ మీదకు తెచ్చి, షట్‌డౌన్ పూర్తయ్యాక స్ట్రిప్ స్విచ్ ఆపుతున్నాను. అయితే వారాల తరబడి ఊరెళ్తే యూపీఎస్‌ను అలా వదలకూడదు. ఛార్జింగ్ లేక లోపలి 12 ఓల్ట్‌ల బ్యాటరీ చెడిపోతుంది. రూటర్ రాత్రి పదకొండు నుంచి ఏడు దాకా బంద్.

ఇవన్నీ చేసినా లెక్క 200 కిందికి రాలేదు. గీత కిందికి దించింది కొత్త ఫ్యాన్లే. పని గదిలోనూ హాల్లోనూ తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించాను, ఒక్కొక్కటి ఫుల్ స్పీడులో 28 వాట్లు. హాల్లో రోజుకు 16 గంటలు తిరిగే ఫ్యాన్ ఒక్కటే నెలకు 22 యూనిట్లు తగ్గించింది.

ఎస్‌ఎంపీఎస్ మార్చి మార్పిడి నష్టం తక్కువని గుర్తింపు పొందిన 80 ప్లస్ బ్రాంజ్‌ది వేయమని షాపతను చెప్పాడు. బిల్లు కోసమైతే వద్దు. నా వాడకానికి పది, పన్నెండు వాట్లు తగ్గినా నెలకు మూడు యూనిట్లే. ఉన్నది కాలిపోయిన రోజున కొనేటప్పుడు మాత్రం అదే తీసుకోండి.

మొన్న వచ్చిన బిల్లు 194 యూనిట్లు, ఎనర్జీ ఛార్జీ 791 రూపాయల 20 పైసలు. కంప్యూటర్ అదే, తొమ్మిది గంటల పనీ అదే.