కిటికీ పక్కన పెట్టిన ట్యూబు

ఈ రోజు ఒక పసిపాప మడమను రక్తం కోసం ఇంకోసారి గుచ్చాల్సి వచ్చింది. తప్పు నాదే.

పుట్టి నాలుగు రోజులైన పాప. పొద్దున మా ల్యాబ్‌లో చూస్తే టోటల్ బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటిని పసుపు చేసే పదార్థం, డెసిలీటరు రక్తానికి 14.2 మిల్లీగ్రాములు వచ్చింది. మధ్యాహ్నం శాంపిల్‌లో 10.1. కామెర్లు తగ్గించే నీలి దీపాల కింద ఉన్న బిడ్డే కాబట్టి తగ్గడం వింతేమీ కాదు. కానీ ఆరు గంటల్లో నాలుగు మిల్లీగ్రాములా? మనసొప్పలేదు. పరీక్ష సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే కంట్రోల్స్ సరిగ్గా ఉన్నాయి. రక్తకణాలు తీసేశాక మిగిలే సీరంలో ఎరుపు లేదు, ఎర్రకణాలు పగిలాయనుకోవడానికీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. రక్తాన్ని తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఖాళీ అయ్యేదాకా ఆ ట్యూబుని కిటికీ పక్క ట్రేలో పెట్టాను, ఫాయిల్ చుట్టకుండా. గంటసేపు దాని మీద ఎండ పడింది. నేరుగా ఎండ తగిలితే గంటలో సగం దాకా బిలిరుబిన్ పోవచ్చని నాకు తెలియనిది కాదు.

వెంటనే వార్డుకి ఫోన్ చేశాను. "సిస్టర్, ఆ 10.1 చూడకండి. తీసేంతసేపు లైటు ఆపి మళ్లీ శాంపిల్ పంపండి."

"తగ్గిందిగా, ఇక లైటు తీసేద్దామా అని డాక్టర్‌గారు ఇప్పుడే అంటున్నారండీ" అంది ఆవిడ. నా చేతులు చల్లబడ్డాయి.

ఈసారి ట్యూబు ఫాయిల్‌లో వచ్చింది. బిలిరుబిన్‌తో కలిసి రంగిచ్చే డయజో రీజెంట్ కలిపాక, లివర్ మార్చేసిన రకం, అంటే డైరెక్ట్, వెంటనే రంగు తేలుతుంది. లివర్ ఇంకా మార్చని ఇండైరెక్ట్ నీళ్లలో కరగదు, కెఫీన్ లాంటిది తోడైతేగానీ రంగివ్వదు. టోటల్ 13.5, డైరెక్ట్ 0.5. తీసేస్తే మిగిలిన 13 ఇండైరెక్టే. పసిబిడ్డల మెదడులోకి చేరి హాని చేసేది అదే. లైటు తీసెయ్యాల్సిన అంకె కాదు అది.

ఇంటికొచ్చినా ఆ ట్యూబే కళ్లముందు ఉంది. 1950ల్లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో కూడా ఇలాగే ట్యూబులో ఎండకి ఉండిపోయిన ఒక బిడ్డ రక్తంలో బిలిరుబిన్ అనుకున్నదానికన్నా తక్కువ వచ్చింది. ఎండసోకిన పిల్లల ఒంటి పసుపు తగ్గుతోందని అక్కడి నర్సు అప్పటికే గమనించింది. ఆ రెండూ కలిపి చూసిన అక్కడి డాక్టర్ క్రెమర్ బృందం 1958లో కాంతి చికిత్స గురించి ప్రచురించింది. మా వార్డులోని నీలి దీపం అక్కణ్ణుంచి వచ్చిందే. నా ట్యూబుని పాడుచేసిందీ, ఆ పాపని బాగుచేస్తున్నదీ కాంతే.

వచ్చేముందు ఆ ట్రేని తీసి లోపలి బల్ల మీదికి మార్చాను. ఫాయిల్ చుట్ట దాని పక్కనే పెట్టాను. పాప తర్వాతి శాంపిల్ రేపు పొద్దున ఆరింటికి.