మబ్బు పట్టిన రాత్రి

వేసవిలో డాబా మీద పడుకోవడం అలవాటైన వారికి ఒక సంగతి అనుభవమే. చుక్కలు తేటగా కనిపించే రాత్రి తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసి వస్తుంది, మబ్బు పట్టిన రాత్రి మాత్రం ఉక్కపోతతో కన్ను మూతపడదు. సాయంత్రం డాబా అంతా నీళ్ళు చల్లించి, నవారు మంచం వాల్చాక, మా అమ్మమ్మ ఒకసారి పైకి చూసి "మబ్బు కమ్మిందిరా, ఇవాళ ఉక్కే" అనేది.

పగలంతా కాగిన నేల ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బులు, నీటి ఆవిరి వాటిని పీల్చుకొని కొంత వేడిని తిరిగి కిందికే పంపుతాయి. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ చేసేదీ అదే పని. కాకపోతే అవి కంటికి కనబడవు, తెల్లవారితే చెదిరిపోవు. ఈ హరితగృహ వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు బదులు సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండేది. కనుక వాటి వల్లనే మనం బతుకుతున్నాము. చిక్కంతా మోతాదు పెరగడంతో వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో మామూలు గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుందని యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ 1856లోనే చూపించారు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న ఆ వాయువు, 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేనాటికి సుమారు 315కు చేరింది, ఇప్పుడు 420 దాటింది.

భూమి వేడెక్కడానికి ఈ వాయువులు కాదు, సూర్యుడి తీవ్రత పెరగడమే కారణమని వాదించేవారు రాత్రుళ్ళను గమనించాలని నా మనవి. అదే నిజమైతే వాతావరణపు పై పొరలు కూడా వేడెక్కాలి, అవి చల్లబడుతున్నాయి. పైగా 20వ శతాబ్దం రెండవ సగంలో భూమి మీద పగటి ఉష్ణోగ్రతల కన్నా ఎండే లేని రాత్రి ఉష్ణోగ్రతలే వేగంగా పెరిగాయి. పట్టణాలలో కాంక్రీటు దీనికి తోడవుతుందన్న మాటా నిజమే.

రాత్రి చల్లబడకపోతే పగటి ఎండదెబ్బ నుండి శరీరానికి తేరుకునే వ్యవధి దొరకదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2,000 మందికి పైగా మరణించినట్టు అప్పటి లెక్కలు చెప్పాయి. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలే ఎక్కువ. ఆ వార్తలు చదివిన నాటి నుండి నేను పేపరులో గరిష్ఠం కన్నా ముందు కనిష్ఠ ఉష్ణోగ్రతనే చూస్తున్నాను.

ఒక్క రాత్రిని బట్టి ఏదీ తేల్చలేమని తెలిసే చెబుతున్నాను. నిరుడు మే నెలలో అదే డాబా మీద పడుకున్నాను. తెల్లవారుజామున లేచి నిలబడితే స్లాబు అరికాళ్ళకు వెచ్చగా తగిలింది. మబ్బు తునక లేదు, చుక్కలన్నీ కనిపిస్తున్నాయి, దుప్పటి మడత విప్పకుండా కాళ్ళ దగ్గరే ఉంది.