మూడు రొయ్యలు, కాస్త సున్నం

మొదటిది కనపడ్డ రోజు నేనే మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. మా ఇంటి ఉప్పునీళ్ల అక్వేరియంలో, చెన్నై నుంచి తెచ్చిన జోవాల రాయి పక్కన అగ్గిపుల్ల తలంత ఉంది. జోవాలంటే పగడాల్లాంటి చిన్న జీవులు. సన్నటి కాడ, పైన లేత గోధుమరంగు తీగలు. లైటు పడితే గాజులాగా అవతలిది కనపడుతోంది. "కొనకుండానే పువ్వొచ్చింది చూడు" అన్నాను. ఆ మాట ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వదు.

దాని పేరు ఐప్టేషియా. అనిమోన్ అనే సముద్రజీవి జాతిదే, కానీ క్లౌన్ చేప వచ్చి కాపురం పెట్టే రకం కాదు. పక్కనున్న పగడాలని కుట్టి కుట్టి ముడుచుకుపోయేలా చేస్తుంది. మేత ఆపి చంపుదామంటే కుదరదు. ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు వెలుతురుతోనే దానికింత తిండి తయారు చేసి పెడుతుంది.

నేనుండేది కావలిలో. ఉద్యోగం సముద్రం ఒడ్డున ఒక రొయ్యల హేచరీలో, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే చోట. ఇంట్లో హాల్లో ఫ్రిజ్ పక్కన పగడాలు పెంచే మూడడుగుల రీఫ్ ట్యాంకు, సుమారు 180 లీటర్లు. రోజంతా ఉప్పునీళ్లతో వేగి, ఇంటికొచ్చి మళ్లీ ఉప్పునీళ్లేనా అని మా నాయన నవ్వుతాడు.

పువ్వు కాదని తెలిశాక నేను చేసిన మొదటి పని బ్లేడుతో గీకేయడం. అంతకన్నా తెలివితక్కువ పని లేదు. దాని అడుగు భాగం గుండుసూది మొనంత రాయికి మిగిలినా చాలు, మళ్లీ నిండు అనిమోన్ అయి లేస్తుంది. మూడు వారాలకి లెక్కపెడితే పద్నాలుగున్నాయి. మాది అల్లూరు పక్క పల్లె, నాయన పుట్టిన కాడి నుంచి వరి చేసిన మనిషి. అద్దం దగ్గర వంగి చూసి, "తుంగని కొడవలి పెట్టి కోస్తే పోద్దంట్రా?" అన్నాడు. అంతే. ఆయన చెప్పింది అర్థమైంది గానీ తుంగకి గడ్డ తవ్వొచ్చు, రాతిబొక్కలో దీన్నెలా తవ్వేది?

ఒక మిత్రుడు రాయి బయటికి తీసి మరిగే నీళ్లలో వేసేయమన్నాడు. ఇది మాత్రం చేయకండి. జోవాలు, ముఖ్యంగా వాటిలో పాలిథోవాలనే రకం ఉన్న రాయిని ఉడకబెడితే అందులోని పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. అలా ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో జరిగాయి. అనిమోన్ పీడ కోసం వంటగదిలో అంత రిస్కు నాకక్కర్లేదు.

చివరికి పనిచేసింది సున్నం. కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ, మా అమ్మ తమలపాకుకి రాసుకునేదీ అదే. "నా డబ్బాలోది తీసుకోరా" అంది. అందులో వాసన కోసం ఏం కలుపుతారో ఏమో అని వద్దని, ల్యాబుకి వాడే శుద్ధమైన పొడి తెచ్చుకున్నాను.

పొడిలో కాసిన్ని ఆర్‌ఓ నీళ్లు పోసి అట్లపిండిలా జారుగా కలపాలి. మరీ పల్చనైతే నీళ్లలో పొగలా చెదిరిపోతుంది. ఇన్సులిన్ సిరంజిలోకి లాగి, ట్యాంకులో పంపులన్నీ ఆపి, నీళ్లు కదలకుండా నిలబడే దాకా ఆగాలి. సిరంజి మొన దానికి తగిలిందా, టక్కున బొక్కలోకి లాగేసుకుంటుంది. అప్పుడిక అరగంట కూర్చోవాల్సిందే. కాస్త పైనుంచి, మెల్లగా, నోటి మీద ఒక్క బొట్టు. మేత అనుకుని తీగలన్నీ లోపలికి మడుచుకుంటుంది. ఆ మడుచుకునేటప్పుడే ఇంకో రెండు బొట్లు వేసి పూడ్చేయాలి. తెల్లగా చిన్న పుట్టలా అవుతుంది. పావుగంట తర్వాత పంపులు వేసుకోవచ్చు.

ఒక రోజుకి మూడో నాలుగో, అంతకు మించొద్దు. ఈ మాట నేను అనుభవించి చెప్తున్నా. ఆదివారం ఖాళీ దొరికింది కదా అని ఒకేసారి పదకొండింటికి పెట్టాను. 8.2 ఉన్న నీళ్ల పీహెచ్, అంటే ఆమ్ల-క్షార కొలత, సాయంత్రానికి 8.7 చూపించింది. టార్చ్ కోరల్ అనే పగడం ముడుచుకుపోయింది, చేపలు ఒక మూలకి చేరాయి. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. రొయ్యల గుంటల్లో పీహెచ్ పెరిగితే ఏం చేయాలో రైతులకి రోజూ ఫోన్‌లో చెప్పే మనిషిని నేను!

సిరంజి అందని చోట్లకి ఐప్టేషియాని తినే పెప్పర్‌మింట్ రొయ్యలు పెట్టమంటారు. రోజూ లక్షల రొయ్యపిల్లల్ని లెక్కపెట్టేవాడిని, మూడంటే మూడు రొయ్యల కోసం చెన్నై రైలెక్కాను. "మన వెనామీ నాలుగు వేస్తే తినవా?" అని పక్కింటి మామ, గుంటల్లో పెంచే రొయ్యల గురించి. వెనామీకి గుంటలో దించే మేత పళ్లెంలో తిండి ఉంటే చాలు మామా, ఇదెందుకు తింటుంది.

మొదటిసారి దుకాణంలో అంటగట్టింది పెప్పర్‌మింట్ కాదు, క్యామెల్ రొయ్య. తెల్లగీతలు, పెద్ద కళ్లు, వీపు మీద గూని. ఐప్టేషియా జోలికి పోకుండా నా జోవాల్నే కొరుక్కు తింది. అసలుదానికి గూని అంతగా ఉండదు, ఒళ్లు అవతలిది కనపడేంత పల్చన, దాని మీద ఎర్రటి సన్నగీతలు. రోజూ రొయ్యలు చూసే నా కళ్లే మోసపోయాయి. రెండోసారి వెళ్లి మంచివి తెచ్చాను.

వీటిని ముట్టుకున్న రోజు స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా హేచరీలో అడుగుపెట్టను. ఈ తీరంలో 1994-95 నాటి వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు దెబ్బ గురించి వినని ఇల్లు లేదు. బయటి రొయ్య ఎంత చిన్నదైనా నాకు భయమే.

చేపలకి వేసే మేత సగానికి తగ్గించాను. కడుపు నిండితే ఈ రొయ్యలకీ పని మీద ధ్యాస ఉండదు. నిన్న రాత్రి పదకొండింటికి లైట్లు ఆపి, సెల్‌ఫోన్ టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి చూశాను. ఒకటి రాయి కిందికి వంగి, బియ్యపుగింజంత అనిమోన్‌ని ముందుకాళ్లతో పట్టుకుని గుంజుతోంది. వదిలేసింది, మళ్లీ పట్టింది. మా ఆవిడ కూడా లేచొచ్చి నిలబడింది. "నీ పువ్వు తినేస్తోంది" అంది.

పెద్దవి రెండు మిగిలాయి, ఓవర్‌ఫ్లో పైపు వెనకాల. రొయ్యలు వాటి జోలికి పోవడం లేదు, సిరంజి అందడం లేదు. దానికొక సన్నటి ట్యూబు ముక్క తగిలించాలి. ఆదివారం చూస్తా.